బెత్తెడు గడ్డి

నిన్న సాయంత్రం పంజగుట్ట సిగ్నల్ దగ్గర నా స్కూటీ పక్కన ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వెనకాల నల్ల గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడేట్టు కుక్కి ఉన్నాయి. దారిలో ఎక్కడో వాన తగిలినట్టుంది, ఉన్ని తడిసి ముద్దయింది. ఆ వాసన ముక్కుకు తగలగానే నా చెయ్యి బ్రేకు మీద బిగుసుకుపోయింది. తలెత్తి చూస్తే మాసబ్ ట్యాంక్ వైపు ఆకాశం నల్లగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకుంటుంటే నేను మాత్రం వాన ఎంతసేపట్లో అందుకుంటుంది, చర్చి ఆవరణలో కింది భాగం గడ్డి ఎంత ఎత్తుంది అని ఆలోచిస్తున్నాను. సిగ్నల్ పడినా కదలకపోయేసరికి వెనకున్న అబ్బాయి "అక్కా, పోతవా ఈడనే ఉంటవా?" అని అరిచాడు. అమీర్‌పేటలో పుట్టి, అక్కడే కంప్యూటర్ కోర్సులు చేసి, పంజగుట్టలో ఉద్యోగం చేసుకునే మనిషికి గడ్డి ఎత్తుతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ పని నాకు అంటగట్టింది దేవదానం సార్. ఆయన పోయారు గానీ పని పోలేదు.

మా ఇల్లు అమీర్‌పేటలో మా చర్చికి వెనక సందులో ఉంది. చర్చి ఆవరణ ఎత్తు మీద, మా సందు పల్లంలో. రెంటికీ మధ్య ఒక రాతి గోడ, దాని అడుగున నీళ్ళు పోవడానికి ఒక తూము. ఆ తూముకు ఎదురుగా ఉన్న మొదటి ఇల్లు మాదే. వాన పడిందంటే పై ఆవరణలోని నీళ్ళన్నీ ఎర్రటి బురదతో ఆ తూములోంచి దూకి నేరుగా మా గడప దాటేవి. మబ్బు పట్టగానే అమ్మ చేసే మొదటి పని బియ్యం డబ్బాను ఎత్తి మంచం మీద పెట్టడం. ఫ్రిజ్ ఎప్పుడూ ఇటుకల మీదే ఉండేది. నాకు వాన అంటే భయం. చిన్నప్పుడు పుట్టిన భయం కాదు, ప్రతి ఏడూ కొత్తగా పుట్టే భయం. క్లాసులో కూర్చుని కిటికీలోంచి మబ్బు చూస్తే ఇక పాఠం చెవికెక్కేది కాదు.

ఆ ఆవరణ అప్పుడు బోడిగుండులా ఉండేది. ఖాళీ జాగా కదా అని వీధిలో మేకలున్న ప్రతివాళ్ళూ అందులోకి తోలేవారు. యూసుఫ్‌గూడలో మటన్ దుకాణం నడిపే యాదన్న, అమ్మకానికి తెచ్చిన గొర్రెల్ని కోత రోజు వచ్చేదాకా అక్కడే వదిలేవాడు. వాళ్ళ తాతల కాలంలో ఊళ్ళో మందలుండేవట, ఆయన చేతికి మిగిలింది దుకాణం. ఎండాకాలం, వానాకాలం అన్న తేడా లేదు. ఎక్కడ పచ్చటి మొన కనిపిస్తే అక్కడ ఒక మూతి పడేది. గొర్రెలు ముట్టని వయ్యారిభామ కలుపు మాత్రం గోడల వెంట దర్జాగా పెరిగేది. మిగతా నేలంతా సిమెంటులా గట్టిపడి, పడిన చుక్కను పడినట్టే కిందికి తోసేసేది. ఆదివారం వచ్చే కార్లకు వానైతే బురద, ఎండైతే దుమ్ము.

అందుకని ఆవరణ అంతా టైల్స్ పరచాలని చర్చి కమిటీ నిర్ణయించింది. కమిటీ కార్యదర్శి ఇమ్మానుయేలు గారు గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినవారు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం. ఆయన్ని చెడ్డవాడిగా చూపిస్తే నాకు పాపం చుట్టుకుంటుంది. వాళ్ళ అత్తగారు ఆ బురదలోనే జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు, ఆయన ఆరాటం ఆయనది. ప్రకటన చేసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మా నేనూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. మట్టి ఉన్నప్పుడే ఇంత నీరు వస్తుంటే, టైల్స్ వేశాక మా ఇల్లు ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. లేచి చెప్పే ధైర్యం లేదు. అప్పుడు వెనక బెంచీలోంచి దేవదానం సార్ లేచారు.

ఆయన ప్రభుత్వ గొర్రెల ఫారంలో మేనేజరుగా పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయాక మధురానగర్‌లో అద్దె గదిలో ఒక్కరే ఉండేవారు. తగువుకు ముందుండే మనిషి. మందను పచ్చికలో మేపే కాపరి గురించి పాస్టరు అయ్యగారు చక్కగా ప్రసంగం చేసి గుమ్మం దగ్గర నిలబడితే, చేయి కలుపుతూ "అంత మంచిగ చెప్పిండ్రు గని అయ్యగారూ, ఆ పచ్చికల ఎన్ని దినాలు ఉంచిండో చెప్పలే" అని అడిగిన ఘనుడు. అందుకే ఆయన లేవగానే కొందరు నవ్వు ఆపుకున్నారు.

"ఈ నేల చావలే. దీన్ని ఎవ్వరు ఒక్క దినం ఇడిచిపెట్టలే, గంతే" అన్నారు సార్. "నాకు ఈ వానకాలం ఇయ్యుండ్రి. గడ్డి లేపుత. నీళ్ళు గీ మన్నులకే ఇంకుతయి."

"అంటే గొర్రెల్ని రానివ్వద్దంటారా సార్?" అన్నారు ఇమ్మానుయేలు గారు.

"గొర్లు గావాలె. గొర్లు లేకుంటె గడ్డి ముదిరి ఎండుతది, పాములు జేరుతయి. మేపాలె, కని ఒక్క తాన మేపి, తక్కింది ఇడిచిపెట్టాలె. మల్ల జరపాలె."

"ఎప్పటిదాకా చూడమంటారు? కాంట్రాక్టరుకి మాటిచ్చాం."

"కోత పండుగ దాక. గప్పుడు పడే వానకు గీ పిల్ల ఇంట్లకు నీళ్ళొస్తె, మీ టైల్స్ నేనే మోస్త."

గీ పిల్ల అని ఆయన వేలు చూపించింది నన్నే. అందరూ నా వైపు తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయాను, కోపం కూడా వచ్చింది. మా ఇల్లు పందెంలో పెట్టడానికి ఈయనెవరు అనిపించింది. గుమ్మం దగ్గర పట్టుకుని ఆ మాటే అడిగాను. "నీళ్ళొచ్చేది మీ ఇంట్లకే గద బిడ్డా. నువ్వు రాకపోతె ఇంకెవరొస్తరు నా ఎంబడి?" అన్నారు. మర్నాడు పొద్దున క్లాసుకు వెళ్ళే ముందు ఆవరణకు వెళ్ళాను.

పెళ్ళిళ్ళకూ పండుగలకూ వాడే ఇనుప బ్యారికేడ్లు చర్చి షెడ్డులో తుప్పు పట్టి ఉండేవి. వాటిని బయటికి లాగి, నేలను నాలుగు భాగాలు చేశాం. వీధి మేకలు రాకుండా గోడకున్న కంతలు పూడ్చాం. యాదన్న గొర్రెలు ఉండొచ్చు, కానీ సార్ చెప్పిన భాగంలో, సార్ చెప్పినన్నాళ్ళే. ఆయన నియమం చేతి మీద ఉండేది. గడ్డి జానెడు పెరిగితే మంద లోపలికి, బెత్తెడు మిగలగానే బయటికి. స్కేలు తెస్తానంటే కసిరారు. "స్కేలు ఇంట్ల మర్చిపోతవ్. చెయ్యి మర్చిపోతవా?" నాలుగు వేళ్ళూ కలిపి నేల మీద అడ్డంగా నిలబెట్టి, ఆ వెడల్పు మీదుగా గడ్డి కనిపించాలని చూపించారు. ఆ బెత్తెడులోనే గడ్డికి మళ్ళీ లేచే సత్తువ ఉంటుందట. అంతకంటే కిందికి కొరికితే అది తన వేర్లను తిని బతకాలి, వేర్లు పోతే నేల మూసుకుపోతుంది.

అసలు పరీక్ష మొదటి వానల తర్వాత వచ్చింది. నేలంతా పలచగా పచ్చబడింది, చూస్తే మనకే తినాలనిపించేంత లేతగా. యాదన్న గొర్రెలు గేటు దగ్గర ఒకటే అరుపు. పొద్దుటి నుంచీ బతిమాలుతున్న యాదన్నకు సహనం చచ్చింది.

"సార్, మొలిచినంక ఇడువకపోతె ఇంకెప్పుడు ఇడుస్తరు? ఆకు కొనుక్కొచ్చి మేపుతున్న, నా జీవాలు బక్కగైతున్నయి."

"లేతది తింటె ఇంకా బక్కగైతయి. అండ్ల నీళ్ళే ఉంటయి. జర ఆగు యాదన్నా."

"మా తాతలు ఆగిండ్రా?"

"మీ తాతలకు ఒక గుట్ట అయినంక ఇంకో గుట్ట ఉండె. నీకేమున్నది? గీ నాలుగు తుకడలు."

యాదన్న మొహం ఎర్రబడింది. గేటు తోసుకుని వస్తాడేమో, ఇక్కడితో అంతా ముగిసిపోతుందేమో అని గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆయన కాసేపు నేలను చూసి, గొర్రెల్ని మళ్ళించుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచీ రోజూ గేటు దగ్గరికొచ్చి, లోపలికి రాకుండానే, గోడ పక్క గడ్డి మీద చెయ్యి పెట్టి చూసుకునేవాడు. జానెడు ఎప్పుడవుతుందో నాకంటే ఆయనకే ముందు తెలిసేది.

ఆలోగా మా ఇంట్లోకి నీళ్ళు రాకుండా ఉన్నాయా అంటే, బ్రహ్మాండంగా వచ్చాయి. ఒక మధ్యాహ్నం వాన దంచి కొట్టి చీలమండల దాకా బురద నిలిచింది. సార్ గొడుగు కూడా లేకుండా మధురానగర్ నుంచి నడిచి వచ్చారు. అమ్మ ఊరుకునే మనిషి కాదు. "గడ్డి మొలిచేదాక మేం మునుగుడేనా సార్? మీ గదిల నీళ్ళొస్తలేవు గద!" అంది. ఆయన ప్యాంటు మడిచి, బకెట్ అందుకుని నీళ్ళు తోడటం మొదలుపెట్టారు. అంతా అయ్యాక గడప మీద ఆయాసపడుతూ కూర్చుని, "ఇంకా ఒస్తయమ్మా. అబద్ధం చెప్ప. నేల తెరుసుకోను టైం పడ్తది" అన్నారు. ధైర్యం చెప్పడానికి వచ్చిన మనిషి అలా అంటాడని నేననుకోలేదు. అమ్మ కోపం తగ్గలేదు గానీ టీ మాత్రం పెట్టింది. ఆయన మాట నమ్మవచ్చని నాకు అనిపించింది ఆ రోజే.

తర్వాత నేల మారుతూ వచ్చింది. గరిక అల్లుకుంది, దాని మధ్య పేరు తెలియని గడ్డి లేచింది, వయ్యారిభామకు చోటు తగ్గింది. ఒకరోజు సార్ చెంబుతో నీళ్ళు తెప్పించి, మనుషులు నడిచే బాట మీద సగం పోశారు. నీళ్ళు పాములా పాక్కుంటూ వెళ్ళిపోయాయి. మిగతా సగం గడ్డిలో పోశారు. నేను చూస్తుండగానే మాయమయ్యాయి. చిన్నపిల్లలా మళ్ళీ పోయమన్నాను. "ఇంకో చెంబు తెచ్చుకో, నేను నీ నౌకర్ని కాదు" అన్నారు గానీ మొహంలో నవ్వుంది. గోడ పక్కన తూముకు ఎగువనున్న కింది భాగాన్ని మాత్రం చివరి వారాల్లో ఆయన అసలు మేపనివ్వలేదు. పండుగ నాటికి అక్కడ గడ్డి ఒత్తుగా ఉండాలి. నీళ్ళకు చివరి అడ్డం అదే.

కోత పండుగ అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. మా చర్చిలో ఆ ఆదివారం ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి దేవుని ముందు పెడతారు. గుమ్మడికాయలు, కోబీ పువ్వులు, బియ్యం, కోళ్ళు, మేకలు, గొర్రెలు. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు. జీవాల్ని ముందురోజే తోలుకొస్తారు, వాటిని చూసుకునే బాధ్యత స్త్రీల సమాజానిది. ఆ ఏడు ఆ బాధ్యత మా అమ్మకు పడింది.

శనివారం క్లాసు నుంచి వస్తూ గోడ మీదుగా చూసి నేను ఉన్నచోటే నిలబడిపోయాను. కింది భాగం బ్యారికేడ్లు పక్కకు జరిపి ఉన్నాయి. కానుకగా వచ్చిన మేకలు, గొర్రెలు, ఎవరో తెచ్చిన ఒక దున్నపిల్ల, అన్నీ అందులోనే. పొద్దుటి నుంచీ మేస్తున్నట్టున్నాయి. బెత్తెడు కాదు కదా, వేలెడు కూడా లేదు. కొన్నిచోట్ల మట్టి కనిపిస్తోంది. పైన మబ్బు.

"అమ్మా, ఎవరు తీసిండ్రు ఇది?"

అమ్మ నా మొహం చూసి తెల్లబోయింది. "నేనే తీసిన. దేవునికిచ్చిన జీవాలు బిడ్డా, ఆకలికి ఒర్రుతుంటె ఎట్ల చూస్త? గీడ మంచిగ పచ్చగుండె..." అంటూనే విషయం అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మునిగేది తన ఇల్లే. మరుక్షణం అటూ ఇటూ పరిగెత్తి జీవాల్ని బయటికి లాగడం మొదలుపెట్టాం. పందిరి పని చూస్తున్న ఇమ్మానుయేలు గారు కూడా వచ్చి ఒక మేక తాడు పట్టుకున్నారు. "ఇలా జరగాలని నేను కోరుకోలేదమ్మా" అన్నారు నాతో, మెల్లగా. "సార్‌కి ఎవరు చెప్తారిప్పుడు?"

చెప్పాల్సిన అవసరం లేకపోయింది. సార్ గేటులోంచి వస్తూ చూశారు. నడక ఆగింది. అమ్మ ఏడుస్తోంది. ఆయన తిడతారని, తిడితే అమ్మ తట్టుకోలేదని నాకు భయం వేసింది. ఆయన గోడ పట్టుకుని కష్టంగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. కొరికిన గడ్డి మొదళ్ళను వేళ్ళతో విడదీశారు, ఒకదాన్ని పట్టుకుని లాగారు. అది రాలేదు. ఇంకోటి లాగారు. అదీ రాలేదు.

"ఇయ్యాల తిన్నందుకు చావదమ్మా" అన్నారు. "ఇన్ని దినాలు దీన్ని ఇడిచిపెట్టినం. గా బలం గడ్డి ఏర్లల్ల ఉన్నది. రేపు మల్ల మేపితెనే చస్తది. ఆ కోబీ ఆకు ఏయుండ్రి జీవాలకు, ఏడువకుండ్రి."

కానుకల కుప్పలోంచి కోబీ ఆకులు తెచ్చి జీవాలకు వేశాం. అమ్మ దూరం వెళ్ళాక ఆయన లేవడానికి నా భుజం పట్టుకున్నారు. "పెద్ద వానైతె మాత్రం నేను చెప్పలేను బిడ్డా" అన్నారు, నాకు ఒక్కదానికే వినిపించేలా. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు.

ఆదివారం వేలం సగంలో ఉంది. ఒక గుమ్మడికాయ కోసం ఇద్దరు పెద్దమనుషులు పంతాలకు పోయి పాడుతున్నారు. ఉన్నట్టుండి పందిరి మీద రాళ్ళు వేసినట్టు వాన. జనం వరండాలోకి పరుగు తీస్తే నేను సందులోకి పరిగెత్తాను. అమ్మ అప్పటికే బియ్యం డబ్బా చంకనెత్తుకుని గడపలో ఉంది. సార్ వచ్చి మా మెట్ల పక్కన నిలబడ్డారు. వెనకాలే గొడుగుతో ఇమ్మానుయేలు గారు, ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి. నలుగురం తూము వైపే చూస్తున్నాం. మామూలుగా అయితే వాన మొదలైన కాసేపటికే ఎర్ర నీళ్ళు దూకాలి. దూకలేదు. వాన ఇంకా పెరిగింది. అమ్మ పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. చివరికి తూములోంచి నీళ్ళు వచ్చాయి. సన్నగా వచ్చాయి. సందులో నిలిచి, మొదటి మెట్టు ఎక్కాయి. రెండో మెట్టు అంచును తడిపాయి. సార్ కళ్ళు మూసుకోవడం నేను చూశాను.

గడప దాకా రాలేదు. అక్కడే కాసేపు ఆడి, వాన తగ్గుముఖం పట్టగానే కిందికి జారాయి.

"ఇదేంటి సార్, నీళ్ళు ఎర్రగా లేవు?" అన్నారు ఇమ్మానుయేలు గారు వంగి చూస్తూ.

"మన్ను ఆడనే ఉన్నది మరి" అన్నారు సార్. అమ్మ ఇంకొంతసేపు చూసి, లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బాను నేల మీద దించింది. ఆ చప్పుడు బయటికి వినిపించింది.

అంతా ఆయన అనుకున్నట్టే జరిగిందని చెప్పను. ముసలివాళ్ళు జారిపడకుండా గేటు నుంచి వరండా దాకా కమిటీ టైల్స్ వేయించింది, మిగతాది గడ్డికి వదిలింది. అది సబబేనని నాకనిపించింది. సార్‌కి అనిపించలేదు. ఆ టైల్స్ మీద నడవకుండా పక్కనుంచి బురదలో నడిచి వచ్చేవారు, చివరిదాకా. నేను ఉద్యోగంలో చేరాక కూడా శనివారాలు బ్యారికేడ్లు జరపడానికి వెళ్ళేదాన్ని. గడ్డి గురించి తప్ప నా జీతం గురించి, పెళ్ళి గురించి ఆయన ఎన్నడూ అడగలేదు. అలా అడగని పెద్దమనిషి నా జీవితంలో ఆయనొక్కరే.

కొన్నేళ్ళకు, వానాకాలంలోనే ఆయన పోయారు. పాత ఫారం ఉద్యోగులు, శిష్యులు, ఎవరెవరో వచ్చారు. రోడ్డు నిండా కార్లు. నేను చర్చిలో ఏడవలేదు, కూర్చున్నానంతే. బయటికొచ్చేసరికి ఎవరో డ్రైవర్లు కారు పెట్టుకోవడానికి కింది భాగం బ్యారికేడ్ జరుపుతున్నారు. నేను కేకేయబోయేలోగా ఇమ్మానుయేలు గారు నల్ల కోటుతో తడుస్తూ వెళ్ళి ఆ ఖాళీలో అడ్డంగా నిలబడ్డారు. వంగి, నాలుగు వేళ్ళు కలిపి గడ్డిలో పెట్టి చూశారు.

"ఇక్కడ కాదండీ. ఇది ఇంకా బెత్తెడే ఉంది. రోడ్డు మీద పెట్టుకోండి" అన్నారు.

అప్పుడు ఏడ్చాను, గోడ పట్టుకుని, వెక్కి వెక్కి.

ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్ళు ఏదైనా పాడు చేసి నిలబడితే, ఇంట్లో అమ్మతో మాటా మాటా పెరిగితే, ఇయ్యాల తిన్నందుకు చావదు అనుకుంటాను. మర్నాడు దాన్నే మళ్ళీ తవ్వకుండా ఊరుకోవడం మాత్రం ఇప్పటికీ కష్టంగానే ఉంది. నిన్న పంజగుట్ట నుంచి ఇంటికి కాకుండా నేరుగా ఆవరణకే వెళ్ళాను. యాదన్న అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. కింది భాగంలో చెయ్యి పెట్టి చూశాను. నాలుగు వేళ్ళ మీదుగా మొనలు కొంచెమే కనిపిస్తున్నాయి. "జరుపుదామా చెల్లె?" అన్నాడు. చెరో కొస పట్టుకుని బ్యారికేడ్లు మోసి పై భాగానికి మార్చాం, గొర్రెల్ని తోలాం. చివరిది నేలకు ఆనించేటప్పటికి మొదటి చుక్కలు పడ్డాయి. తడిసి ఇల్లు చేరేసరికి అమ్మ టీవీ చూస్తోంది. వాన హోరులో మాట వినిపించక టీవీ సౌండ్ పెంచింది. బియ్యం డబ్బా నేల మీదే ఉంది.